ఆబ్జెక్ట్ పూర్తికాకముందే పని చెబితే...

జావాలో ఓ చిత్రమైన తప్పు ఉంది. ప్రోగ్రామ్ ఆగిపోదు. ఎర్రర్ మెసేజీ రాదు. లెక్క మాత్రం తప్పుతుంది. ఆబ్జెక్ట్ పూర్తిగా తయారుకాకముందే దానితో పని చేయించడమే ఇందుకు కారణం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టన్నమాట!

క్లాస్ అంటే ఇంటి ప్లాను. ఆ ప్లాను ప్రకారం కట్టిన ఇల్లు ఆబ్జెక్ట్. నార్వే శాస్త్రవేత్తలు ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్‌లు సిములా 67 భాషలో ప్రవేశపెట్టిన ఈ ఆలోచనే 1995లో వచ్చిన జావాకూ ఆధారం. ఇల్లు కట్టడానికి ఒక వరస ఉన్నట్టే ఆబ్జెక్ట్ తయారీకీ ఒక వరస ఉంది.

ముందు క్లాస్ సంగతి. ప్రోగ్రామ్ ఒక క్లాస్‌ను మొదటిసారి వాడుకోబోయేటప్పుడు అందులోని స్టాటిక్ విలువలు సిద్ధమవుతాయి. ఈ పని ఒక్కసారే జరుగుతుంది. పేరెంట్ క్లాస్ ఉంటే ముందు దాని వంతు.

ఇక ఆబ్జెక్ట్. 'న్యూ' అనగానే మెమరీలో చోటు దొరుకుతుంది. అప్పటికి అంకెలన్నీ 0, రిఫరెన్సులన్నీ నల్. తర్వాత పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నడుస్తుంది. ఆపైన చైల్డ్ క్లాస్‌లోని ఫీల్డులకు మనం రాసిన విలువలు, కోడ్‌లో పైనుంచి కిందికి, వరసగా చేరతాయి. చైల్డ్ కన్‌స్ట్రక్టర్‌లో రాసిన కోడ్ వంతు చిట్టచివర.

చిక్కు ఎక్కడొస్తుందో చూడండి. 'ఖాతా' పేరెంట్, 'పొదుపు ఖాతా' చైల్డ్ అనుకుందాం. పొదుపు ఖాతాలో వడ్డీ రేటు ఫీల్డుకు 4 అని రాశారు. ఖాతా కన్‌స్ట్రక్టర్ 10,000 రూపాయల డిపాజిట్‌ను నమోదు చేసుకుని, వడ్డీ లెక్కించే మెథడ్‌ను పిలిచి, వచ్చిన మొత్తాన్ని దాచుకుంటుంది. ఆ మెథడ్‌ను పొదుపు ఖాతా తనకు తగ్గట్టు మార్చి రాసుకుంది. జావా ఆ మార్చిన మెథడ్‌నే నడుపుతుంది. కానీ ఆ క్షణానికి రేటు ఇంకా 0. ఏడాదికి 400 రావాల్సిన వడ్డీ సున్నా! ఆబ్జెక్ట్ తయారయ్యాక రేటెంతని అడిగితే మాత్రం 4 అనే చెబుతుంది. తప్పు దొరకనిది అందుకే.

అన్ని భాషలదీ ఒకే దారి కాదు. సీ ప్లస్ ప్లస్‌లో అయితే పేరెంట్ కన్‌స్ట్రక్టర్ నడిచేటప్పుడు పేరెంట్ మెథడే పనిచేస్తుంది. సీ షార్ప్‌లో చైల్డ్ ఫీల్డుల దగ్గర రాసిన విలువలు పేరెంట్ కన్‌స్ట్రక్టర్ కంటే ముందే చేరతాయి. కాబట్టి అక్కడ 4 కనిపిస్తుంది.

మరి జావాలో మందేమిటి? చైల్డ్ క్లాస్ మార్చి రాయగల మెథడ్‌ను కన్‌స్ట్రక్టర్‌లో పిలవకూడదు. జాషువా బ్లాక్ 2001లో తెచ్చిన 'ఎఫెక్టివ్ జావా' పుస్తకంలోనూ ఇదే సలహా ఉంది. వడ్డీ లెక్కను ఆబ్జెక్ట్ తయారయ్యాక విడిగా చేయిస్తే సరి. 2025 సెప్టెంబరులో వచ్చిన జావా 25 ఇంకో వెసులుబాటు ఇచ్చింది. పేరెంట్ కన్‌స్ట్రక్టర్‌ను పిలవడానికి ముందే చైల్డ్ కన్‌స్ట్రక్టర్ తన ఫీల్డులకు విలువలు ఇచ్చుకోవచ్చు.

కొత్తగా నేర్చుకునేవారు ఈ వరసను బట్టీ పట్టక్కర్లేదు. ప్రతి దశలో ఒక ప్రింట్ వాక్యం పెట్టి నడిపి చూస్తే చాలు. ఏది ముందో, ఏది వెనకో కంప్యూటరే చెబుతుంది.