లేక్ వ్యూ కావాలా, లేక్ కావాలా?

మొన్న ఆదివారం మా ఆవిడా నేనూ గండిపేట వైపు ఒక విల్లా ప్రాజెక్టు చూసొచ్చాం. బ్రోచర్ నిండా "ప్రకృతి ఒడిలో" అనే మాటే. ఆఫీసుకి అరగంట, బాల్కనీలోంచి చెరువు, పొద్దున్నే నెమళ్ళు కూడా వస్తాయట. నిజం చెప్పొద్దూ, నాకూ నోరూరింది. రోజంతా ఏసీ గదిలో కోడ్ రాసుకునేవాడికి ఇంటికెళ్ళాక నాలుగు చెట్లు కనపడాలనిపించడంలో తప్పేముంది?

బయటికొచ్చి గేటు ఎదురుగా టీ తాగుతుంటే, బండి పెద్దాయన మాటల్లో అన్నాడు, "వానకాలంల గీడంత నీళ్ళే ఉంటుండె సార్" అని. ఆయన చెయ్యి చూపించింది మేం అప్పుడే చూసొచ్చిన క్లబ్ హౌస్ వైపు!

కాస్త వెనక్కెళ్దాం. 1908 మూసీ వరదలో వేలమంది పోయారు. మళ్ళీ అలా జరక్కూడదని కట్టినవే ఉస్మాన్ సాగర్ (మన గండిపేట, 1920), హిమాయత్ సాగర్ (1927). వాటిల్లోకి నీళ్ళొచ్చే నేలని కాపాడ్డానికి 1996లో జీవో 111 తెచ్చి, 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. ఇవ్వాళ మనం ముచ్చటపడే పచ్చదనం చాలావరకు ఆ ఆంక్షల చలవే. 2022లో వాటిని సడలిస్తూ జీవో 69 ఇచ్చారు. అంటే, కట్టనివ్వకపోబట్టి మిగిలిన పచ్చదనాన్ని చూపించి, అక్కడే కట్టి మనకి అమ్ముతారన్నమాట.

బిల్డర్ల నొక్కళ్ళనే తిట్టి లాభంలేదు. కొనేది మనమే. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టేస్తుంటే సుప్రీంకోర్టు ఆపేదాకా వాట్సాప్ లో ఎన్ని ఫార్వర్డ్ చేశానో. అదే చేత్తో మొన్న టోకెన్ అడ్వాన్స్ ఇవ్వబోయాను :(

"లోపల వాళ్ళూ చెట్లు పెంచుతారు కదా" అంది మా ఆవిడ. పెంచుతారు. లాన్ తడపడానికి బోరు, బోరు ఎండితే ట్యాంకరు. ఆ ట్యాంకరు నీళ్ళు పక్క ఊరి బోర్లలోంచి తోడినవే.

అసలు కొనొద్దని కాదు నేననేది. చిన్న ఫీచర్ కే పదిసార్లు టెస్ట్ చేసే మనం, ఇరవయ్యేళ్ళ లోన్ నెత్తికెత్తుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడగొద్దా? చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి, అంటే ఎఫ్.టి.ఎల్. గీత ఎక్కడ? పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు వదిలారా? పడిన వాన ఎటు పోతుంది? మురుగునీరు ఎక్కడికి వదుల్తారు?

ఇవే ఫోన్లో అడిగితే సేల్స్ అబ్బాయి, "ఇవన్నీ ఎవరూ అడగరు సార్, కనుక్కుని చెప్తా" అన్నాడు. ఇంకా చెప్పలేదు.

మేం మాత్రం ఆగిపోయాం. నెమళ్ళే చూడాలనిపిస్తే చిలుకూరు పక్కన మృగవని పార్కు ఉంది. పొద్దున్నే వెళ్ళి, చూసి, వచ్చేస్తాం. అవి అక్కడే ఉంటాయి.