మానని గాయాన్ని కెలకవద్దు

2005 అక్టోబరు 8, శనివారం. రంజాన్ నెల. ఉదయం తొమ్మిది కాకముందే పాకిస్తాన్ ఏలుబడిలోని కాశ్మీరు కొండలు, వాటికి ఆనుకొని ఉన్న బాలాకోట్ ప్రాంతం కంపించిపోయాయి. పిల్లలు అప్పటికే బడుల్లో కూర్చున్నారు. కప్పులు కూలి వేలాది పసివాళ్ళు కన్నుమూశారు. మొత్తం మృతులు 73 వేలు దాటారు.

ఎన్నో దేశాల వైద్య బృందాలు ఆ పల్లెలకు తరలివెళ్ళాయి. ఒక్క క్యూబా నుంచే సుమారు 2,400 మంది వచ్చి నెలల తరబడి సేవ చేశారు. వారిలో స్త్రీలు చాలామంది. పరాయి మగవాడికి చెయ్యి చూపించడానికే వెనుకాడే పల్లె ఆడవారికి అదెంత ఊరటో మన ఇళ్ళలో వేరే చెప్పనక్కరలేదు.

విరిగిన ఎముకకు కట్టు కట్టవచ్చు. మరి బిడ్డను రాళ్ళ కింద పోగొట్టుకున్న తల్లి మనసుకు? వచ్చిన ప్రతి బృందమూ 'ఆ రోజు ఏం జరిగిందమ్మా?' అని అడిగితే, ఆమె ప్రతిసారీ ఆ రాళ్ళ దగ్గరికి తిరిగి వెళ్ళవలసిందే కదా! జరిగినదంతా వెంటనే చెప్పిస్తే మనసు తేలికవుతుందని ఒకప్పుడు నిపుణులూ నమ్మారు. దానివల్ల మేలు లేదని తరువాతి పరిశోధనల్లో తేలింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి వెలువరించిన చిన్న పుస్తకం ఈ సేవను మూడు పనులుగా చెప్పింది: పరిస్థితి చూడండి, చెప్పింది వినండి, కావలసిన సహాయంతో కలపండి.

ఈ మూడో పని సోషల్ వర్కరుది. ఆ భూకంపంలో వందల మందికి వెన్నెముక దెబ్బతిన్నది; వారిలో స్త్రీలే ఎక్కువ. చక్రాల కుర్చీ ఇచ్చి పంపితే అది కొండదారిలో నడుస్తుందా? ఇంట్లో ఆమెను ఎవరు చూసుకుంటారు? పిల్లల సంగతేమిటి? ఇవి అడిగేవారు లేకపోతే ఆపరేషన్ చేసి కూడా సగం పనే చేసినట్లు.

మనలోనూ ఒక పొరపాటు ఉంది. ఏడ్చేవారిని చూడగానే 'సబ్ర్ చెయ్యి, అల్లాహ్ మర్జీ' అని నోరు మూయిస్తాము. తమ పసికుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు కార్చారు. కన్నీరు సబ్ర్‌కు విరోధి అయితే ఆ కళ్ళు చెమ్మగిల్లేవా? రోగిని పరామర్శించడాన్ని పుణ్యకార్యంగా భావించే మనం, ఆ పరామర్శ రోగికి భారం కాకుండా చూడాలి.

మన పిల్లలెందరో నేడు డాక్టర్లు, నర్సులు అవుతున్నారు. రేపు ఏ దేశంలోని ఏ పల్లెకైనా వెళ్ళవచ్చు. వారికి మేము చెప్పేది ఇంతే. ముట్టుకునే ముందు అనుమతి అడగండి. వైద్యానికి అవసరం లేని ప్రశ్న వేయకండి. కన్నీటిని ఫోటో తీయకండి. నెరవేర్చలేని మాట ఇవ్వకండి. ఆమె మాట్లాడితే వినండి. మాట్లాడకపోతే కాసేపు పక్కన కూర్చోండి. అదీ వైద్యమే.