పండు తిని అడవినిచ్చే పావురం

విడవలూరు పొలాల్లో కోతలయ్యాక చూడాలి. గట్ల మీద, కళ్లాల్లో రాలిన ధాన్యం కోసం గువ్వలు గుంపులుగా వాలిపోతాయి. వాటి నోట పడిన గింజ మొలకెత్తే ఆశ వదులుకోవాల్సిందే. గువ్వ కందనకాయ అచ్చం తిరగలి! మింగిన ఇసుక రవ్వలతో కలిపి గింజను పిండి చేసేస్తుంది.

అదే ఊరికి తూర్పున, బంగాళాఖాతానికి ఆవల, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో అండమాన్ నికోబార్ దీవులున్నాయి. తెలుగువాళ్లకు కొత్త చోటేం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ పదిమందిలో ఒకరికి పైగా తెలుగే మాతృభాష. ఆ దీవుల్లో ఈ గువ్వలకో దూరపు బంధువుంది. ఒళ్లంతా పాల తెలుపు, రెక్కల అంచులూ తోక చివరా నలుపు. పేరు పైడ్ ఇంపీరియల్ పీజియన్. జాజికాయ పావురమనీ అంటారు. దీనికి గింజలతో పనిలేదు, పండ్లు కావాలి.

ముక్కు చిన్నదే. కానీ నోరు బాగా సాగుతుంది. జాజికాయ లాంటి పెద్ద గింజ ఉన్న పండునైనా గుటుక్కున మింగేస్తుంది. గింజ చుట్టూ ఉండే గుజ్జు, జాపత్రి దాని భోజనం. కందనకాయ పలచన కాబట్టి గింజ నలగదు. చెక్కుచెదరకుండా బయటికొచ్చేస్తుంది. ఈలోగా పావురం ఎంతో దూరం వెళ్లిపోయి ఉంటుంది. గింజకు కావలసింది కూడా అదే! తల్లిచెట్టు నీడలో పడితే వెలుతురు అందదు, పురుగుల బెడదా ఎక్కువే.

1883లో ఇండొనేషియాలోని క్రాకటోవా అగ్నిపర్వతం పేలి, అక్కడి దీవుల్లో పచ్చదనమన్నది లేకుండా పోయింది. తర్వాత కొన్ని దశాబ్దాలకు మర్రి, మేడి జాతి చెట్లతో మళ్లీ అడవి లేచింది. ఆ గింజల్ని సముద్రం దాటించింది పండ్లు తినే పావురాల వంటి పక్షులూ, గబ్బిలాలే.

ఇంత మేలు చేసే జాజికాయ పావురం పెట్టేది మాత్రం ఒక్కోసారి ఒక్కటే గుడ్డు. పుట్టిన పిల్లను తల్లీతండ్రీ ఇద్దరూ గొంతు సంచిలో ఊరే పాలతో సాకుతాయి. చాలాచోట్ల రాత్రి చిన్న దీవిలో పడక, పగలు పెద్ద దీవిలో మేత. రెండింటిలో ఏ అడవి పోయినా దానికి బతుకు లేదు.

గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కట్టే ప్రాజెక్టుకు 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. అందుకు మళ్లించే అడవి దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. బదులుగా మొక్కలు నాటేందుకు అప్పట్లో ఎంచుకున్నది హర్యానాను! ఎన్ని మొక్కలు నాటినా, జాజికాయ పావురం అంతదూరం వెళ్లి పండు తినలేదు కదా.

విడవలూరు పొలంలో విత్తనం చల్లడానికి రైతున్నాడు. ఆ దీవుల అడవికి పావురమే రైతు.