రంగుల కిటికీకి వెలుగు ఎక్కడిది?



ఆ మధ్య మా కుసుమంచి సంఘస్థులతో కలిసి సూర్యాపేట, హైదరాబాదు మీదుగా మెదకు దేవాలయము చూడ వెళ్లాము. బలిపీఠము వెనుకనున్న పెద్ద రంగుల గాజు కిటికీలో ప్రభువు ఆరోహణ దృశ్యము ఎండకు ధగధగ మెరుస్తున్నది. మాతో వచ్చిన ఒక ముసలి తల్లి చేతులు జోడించి, కన్నీళ్లతో నిలిచిపోయింది.

"బొమ్మకు మొక్కుతున్నావేందమ్మా? రెండవ ఆజ్ఞ తెలియదా?" అని మా యౌవనస్థుడొకడు గద్దించాడు. ఆమె చిన్నబోయి వెనుకకు వెళ్లి కూర్చున్నది. ఇద్దరూ మా సంఘపు బిడ్డలే. ఎవరి పక్షమున మాటలాడాలో మాకు తోచలేదు.

ఆ కిటికీని ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించగా 1927లో అమర్చారు. క్రీస్తు జనన దృశ్యము 1947లో, సిలువ దృశ్యము 1958లో ఇరుప్రక్కల కిటికీలలో వచ్చినవి. ప్రభువు ముఖము ఎట్లుండెనో సువార్తలు వ్రాయలేదు గనుక చిత్రకారుడు ఊహించక తప్పదు. అపొస్తలుల కార్యములు 1:9 చదివితే, మేఘము ఆయనను శిష్యుల కన్నులకు మరుగుచేసినది. గాజు మీద మాత్రము ఆయన ఇంకా కనబడుచునే ఉన్నాడు. బొమ్మ జ్ఞాపకము చేయగలదు గాని, ఆయన స్థానములో నిలువలేదు.

సాయంకాలమైనది. సూర్యుడు దిగగానే కిటికీ నల్లబడింది.

"అయ్యగారూ, ప్రభువు కనపడ్తలేడేంది?" అని ఆ తల్లి అడిగింది.

"అమ్మా, ఆ గాజుకు సొంత వెలుగు లేదు. బయటి సూర్యుడే దానికి వెలుగు" అన్నాము.

"నేనేడ్చింది గాజును చూసి కాదయ్యా. ఆయన మళ్లా వస్తాడని నా కొడుకు సమాధి కాడ మీరు చెప్పిండ్రు. ఆ మాట యాదికొచ్చింది."

ఆ యౌవనస్థుడు విని తల వంచుకొన్నాడు. తరువాత ఆమె చెయ్యి పట్టుకొని బస్సు ఎక్కించాడు. అతడు చెప్పిన ఆజ్ఞ సరియైనదే. ఆమె హృదయమును అడుగకుండ తీర్పు తీర్చుటే తప్పు.

ఆకాశమువైపు చూచుచున్న శిష్యులను దేవదూతలు ప్రశ్నించారు, ప్రభువు తిరిగి వచ్చునని చెప్పారు. వారు కొండ దిగి యెరూషలేముకు మరలారు. మెదకు దేవాలయము కూడ పాస్నెట్ దొరగారు కరువు దినములలో ఆకలిగొన్నవారికి పని ఇచ్చి, అన్నము పెట్టి కట్టించినది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. ఆ కిటికీ వచ్చినది మూడేండ్ల తరువాతనే. ముందు అన్నము, తరువాత అలంకారము!

ప్రియులారా, మీ ఇంటి గోడ మీద ప్రభువు పటము ఉంటే ఉండనివ్వండి. దండ వేయవద్దు, దీపము పెట్టవద్దు. దానిని చూచినప్పుడు బైబిలు తెరచి ఆ వాక్యభాగము చదవండి. చదివి, మీ వీధిలో దుఃఖములోనున్న ఇంటికి వెళ్లండి. మరల రానైయున్న ప్రభువు మనలను ఆ పనిలో కనుగొనును గాక! ఆమేన్.