అనంతగిరికి ఒక పగటి ప్రయాణము

ఒక్క పగటిలో కొండలను చూచి వచ్చుట చూచినట్లే కాదని కొందరు పెద్దలందురు. మేము ఆ మాటను అంగీకరింపజాలము. రాత్రి బస యన్నచో మా విద్యార్థినులలో పలువురకు ఇంటివద్ద అనుమతి లభింపదు. ప్రత్యేకముగా మాట్లాడుకొన్న బస్సు, దారి తెలిసిన మనిషి, మగ్రిబ్ వేళకు తిరిగి ఇల్లు చేరుట యన్నచో అమ్మీలైనను అమ్మలైనను కాదనరు. హైదరాబాదునుండి వికారాబాదు చెంతనున్న అనంతగిరి సుమారు 80 కిలోమీటర్లే కదా!

అయితే ఆ దారి చూపువాడెవరన్నదే మాకు ముఖ్యము. ఫోటోలకు తగిన చోట్లు చూపి గడియారము చూచుకొనువాడు మాకక్కరలేదు. నయాపూల్ మీద మనము ముక్కు మూసికొని దాటుచున్న మూసీ ఈ కొండలలోనే పుట్టినదనియు, 1908 సెప్టెంబరులో నగరమును ముంచినది ఈ నదియే యనియు, ఆ వరద పిమ్మటనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టబడినవనియు చెట్టునీడన నిలిపి చెప్పగలవాడు కావలెను. ఉర్దూలోను తెలుగులోను చెప్పినచో బస్సులో సగముమంది దిక్కులు చూడవలసిన పని యుండదు. అట్టివారు ఆ ప్రాంతపు యువకులలో దొరకకపోరు. వారికిని ఒకనాటి సంపాదన యగును.

కళాశాల కమిటీవారు వచ్చే సంవత్సరము వానలు వెలిసిన వెంటనే ఒక్క బస్సు అద్దె భరించిన చాలును. భోజనము మేమే కట్టి తెచ్చుకొందుము.