అక్కెనపల్లిలో దొరికిన రోము వెండి: మ్యూజియం చేరింది సరే, రేపు దొరికేవాటి గతేమిటి?

నల్లగొండ: రెండు వేల ఏళ్ల నాటి రోము సామ్రాజ్యపు వెండి నాణేలు 1500కు పైగా ఈ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటనే బయటపడ్డాయన్న సంగతి జిల్లావాసుల్లో చాలామందికి తెలియదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టిన రోము నాణేలను చూసే పల్లె జనం, అవి విదేశాల నుంచి తెప్పించినవనుకుంటే ఆశ్చర్యం లేదు. తెలుగు నేలలో దొరికిన రోము నాణేలకు పుస్తకరూపంలో పట్టిక 1965లోనే వెలువడింది. కరీంనగర్ దగ్గర నస్తుళ్లాపురంలోనూ ఇలాంటి వెండి నాణేలు దొరికాయి.

ఈ నాణెం పాత పావలా బిళ్లంత ఉంటుంది. తూకం నాలుగు గ్రాములకు లోపే. రోములో దీన్ని 'డినేరియస్' అనేవారు. అగస్టస్ చక్రవర్తి కాలంలో ఒక సిపాయి ఏడాది జీతం 225 డినేరియస్‌లు. ఆ లెక్కన అక్కెనపల్లి సొమ్ము ఆరుగురు సిపాయిల ఏడాది జీతానికి మించినదే.

ఇక్కడికెలా వచ్చాయి?

శాతవాహనుల కాలంలో రోము వర్తకులు మన సన్నబట్టలు, మిరియాలు, రత్నాల కోసం ఓడల్లో వచ్చేవారు. కృష్ణా ముఖద్వారం ప్రాంతపు సన్నబట్టల ప్రస్తావన నాటి గ్రీకు నావికుని గ్రంథంలో ఉంది. ఏటా కోట్ల సొమ్ము ఇండియాకు తరలిపోతున్నదని రోములో ప్లినీ అనే పండితుడు వాపోయాడు.

దక్షిణాదిన దొరికిన రోము వెండిలో అగస్టస్, టైబీరియస్ నాణేలే అధికం. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణెం తూకమూ, అందులోని వెండి పాలూ తగ్గించాడు. మనవారు కొత్త నాణేన్ని కాదని పాతదానికే మొగ్గు చూపారని పండితుల అభిప్రాయం. బొమ్మ ఎవరిదన్నది కాదు, వెండి ఎంతన్నదే ఇక్కడ చూశారన్నమాట. రోము నాణేల బొమ్మలను మట్టి బిళ్లలపై అచ్చు వేసి నగలుగా ధరించిన ఆనవాళ్లు సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో దొరికాయి.

కరిగితే మిగిలేది కాస్త వెండే

1780 దశకంలో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న కుండలో రోము బంగారు నాణేలు కనిపించాయి. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోగా, నవాబు వర్గానికి దక్కినవి ముప్పై చిల్లర మాత్రమే.

దీనికి భిన్నంగా, సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో పురావస్తు శాఖ తవ్వకాల్లో కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఎంత లోతున, ఏ కుండలో, ఏ వస్తువుల పక్కన ఉన్నదీ రాసిపెట్టారు. అందువల్లనే ఇక్ష్వాకుల నాటివని చెప్పగలిగారు. లోహంగా సీసం చౌకే. దొరికిన చోటు తెలియడం వల్లనే వాటికి విలువ. చోటు తెలియని వెండి బిళ్ల చరిత్రకు సగమే సాక్ష్యం.

చట్టం ఏమంటుంది?

పల్లెల్లో కుండ దొరికితే మొదట కలిగేది భయం. చెబితే అంతా సర్కారు పట్టుకుపోతుందని, చెప్పకుంటే కేసు పెడతారని. అందుకే వ్యవహారం గుట్టుగా కంసాలి కొలిమికి చేరుతున్నది. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అయితే ఆ చట్టమే దొరికినవారి హక్కు కూడా చెబుతున్నది. యజమాని లేని నిధి అని తేలి, భూమి వేరొకరిదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు నాలుగింట మూడు వంతులు దొరికినవారికి, ఒక వంతు భూమి సొంతదారుకు చెందుతుంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువపై ఐదో వంతు అదనంగా కట్టి ఇవ్వాలి.

శిక్ష సంగతి విన్నంతగా ఈ హక్కు సంగతి పల్లెల్లో వినబడదు. లోహం విలువపై ఐదో వంతు అన్నది కూడా రెండు వేల ఏళ్ల నాటి వస్తువుకు తక్కువే. ఆ మొత్తాన్ని పెంచి, ఆలస్యం లేకుండా చెల్లిస్తే దాచేవారు తగ్గుతారు. పంచాయతీ కార్యాలయాల్లో ఈ నిబంధనలను తెలుగులో అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. పానగల్లు మ్యూజియంలో అక్కెనపల్లి నాణేలను ఏడాదికొకసారైనా ప్రదర్శిస్తే, బడిపిల్లలు తమ నేలలో దొరికినదాన్ని హైదరాబాద్ వెళ్లకుండానే చూడగలుగుతారు. పురావస్తు శాఖ, జిల్లా యంత్రాంగం ఈ దిశగా కదలవలసి ఉంది.