మూడేళ్ళ తరగతి, రాని ఇంగ్లీషు

‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ పేరు ఎత్తితే చాలు, యాభై దాటిన మన వాళ్ళలో చాలామందికి ముఖం విప్పారుతుంది. 1980లలో వీధి చివరి షాపు నుంచి వీడియో క్యాసెట్టు అద్దెకు తెచ్చుకుని, నాలుగిళ్ళ వాళ్ళం ఒక హాల్లో చేరి చూసిన కామెడీ సీరియల్ అది. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన పెద్దవాళ్ళు కూడా పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఈ మధ్య దాన్ని మొదటి నుంచీ మళ్ళీ చూశాను. ఇప్పటికీ చెల్లే నోటేనా, గడువు తీరిపోయిందా అన్నదే ఈసారి మన ముచ్చట.

చూడని వాళ్ళ కోసం రెండు ముక్కలు. లండన్ వీకెండ్ టెలివిజన్ వారి ఈ సీరియల్ బ్రిటన్‌లో 1977 డిసెంబరు 30న మొదలైంది. 1979 దాకా మూడు సిరీస్‌లుగా 29 భాగాలు వచ్చాయి. రాసినవాడు విన్స్ పావెల్. లండన్‌లో పెద్దవాళ్ళ కోసం నడిచే సాయంకాలపు కాలేజీ. అక్కడ విదేశాల నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళకు ఇంగ్లీషు నేర్పే తరగతి ఒకటి. మాస్టారు జెరెమీ బ్రౌన్‌గా బ్యారీ ఎవాన్స్ నటించాడు. ముందున్న మాస్టారికి ఈ తరగతి దెబ్బకే మతి చలించిందని ప్రిన్సిపాలమ్మ మొదటి రోజే చెబుతుంది. ఇక తరగతిలో చూస్తే సర్దార్ రంజీత్ సింగ్, పాకిస్తాన్ అలీ నదీమ్, ఎప్పుడూ ఊలు అల్లుకునే జమీలా, ఇటలీ జియోవన్నీ, గ్రీకు మాక్స్, స్పెయిన్ హువాన్, జపాన్ టారో, చైనా సు లీ, ఫ్రెంచి డానియెల్, జర్మనీ అన్నా.

బాగున్నవి ముందు చెబుతాను. ఇంగ్లీషు భాష మీదే వేసిన జోకులు ఇవాళ్టికీ నవ్విస్తాయి. రాసేది ఒకటి, పలికేది ఒకటి అయిన ఆ భాషతో మనమూ చిన్నప్పుడు కుస్తీ పట్టినవాళ్ళమే కదా! జాతీయాన్ని ఉన్నదున్నట్టు అర్థం చేసుకుని శిష్యులు అమాయకంగా జవాబిస్తే తప్పు శిష్యుడిది అనిపించదు, భాషే వింతగా కనిపిస్తుంది. సిడ్నీ అని కాలేజీలో ఒక కేర్‌టేకర్ ఉన్నాడు. లండన్‌లో పుట్టి పెరిగిన మనిషి. అతని ఇంగ్లీషు పుస్తకంలో ఎక్కడా దొరకదు. అతను నోరు విప్పిన సన్నివేశాలు నాకు మహా ఇష్టం. బ్రౌన్ మాస్టారు కూడా తల పట్టుకుంటాడే గానీ ఎవరినీ చులకన చేయడు. మొదట్లో ఉప్పూ నిప్పూగా ఉన్న అలీ, రంజీత్ ఒకే గదిలో కూర్చోవలసి రావడం, మెల్లగా ఒకరికొకరు అలవాటు పడటం కూడా నిజాయితీగానే ఉంది.

తక్కినది మాత్రం మాగలేదు, పులిసింది. టారో వంగి వంగి దండాలు పెడుతూనే ఉంటాడు. సు లీ మావో ఎర్ర పుస్తకం వదలదు. డానియెల్ లోపలికి వస్తే మగవాళ్ళంతా నోరు వెళ్ళబెట్టాలి, ఆవిడకు వేరే పని లేదు. దేశానికొక గుణం అంటగట్టి, ఆ గుణాన్నే వారం వారం తీసి చూపించారు. అరగంట చూస్తే సరదాగానే ఉంటుంది. వరసగా పది భాగాలు చూడండి, అరిగిన రికార్డు తెలిసిపోతుంది.

లెక్కలు చూసే ఉద్యోగంలో ముప్ఫయ్యేళ్ళు గడిపిన వాణ్ణి కనుక నాకు ఇంకో సంగతి కంటబడింది. మూడు సిరీస్‌లు గడిచినా ఆ తరగతికి ఇంగ్లీషు రాదు. రంజీత్ అవే వెయ్యి క్షమాపణలు చెప్పుకుంటూనే ఉంటాడు. వస్తే కామెడీ ఆగిపోతుంది మరి. వాళ్ళు నేర్చుకోకపోవడం మీదే సీరియల్ అంతా నిలబడి ఉంది. తప్పు మాట్లాడినందుకు నవ్వడం నాకు పెద్ద అభ్యంతరం కాదు. మనిషిని ఆ తప్పులోనే కట్టిపడేయడం దగ్గరే నాకు పేచీ.

బెంగళూరులో మా కౌంటరు ముందు నేను చూసింది దీనికి పూర్తిగా తిరగబడి ఉంది. ఒడిశా నుంచీ బీహారు నుంచీ పనికి వచ్చిన కుర్రాళ్ళు మొదటిసారి చీటీ మీద ఎవరితోనో రాయించుకుని వస్తారు. ఏడాది తిరిగేసరికి కన్నడంలో బేరమాడుతూ, తమ వెనక వచ్చిన వాడికి ఫారం నింపి పెడుతూ ఉంటారు. పొట్టకూటికి వచ్చినవాడు భాష నేర్చుకున్నంత వేగంగా ఏ విద్యార్థీ నేర్చుకోడు. మన తాతలు మాత్రం అలా నేర్చుకోలేదూ!

బ్రిటన్‌లోనూ ఈ సీరియల్ మీద అప్పుడే పేచీ వచ్చింది. తీసిన కంపెనీలోనే కార్యక్రమాల అధిపతిగా ఉన్న మైకేల్ గ్రేడ్ ఇది జాతుల్ని కించపరిచేలా ఉందని ఆపించాడు. జనం బాగా చూస్తున్న సీరియల్‌ని ఆపడానికి కొంత గుండె కావాలి. 1986లో మళ్ళీ ఒక సిరీస్ తీశారు గానీ పాత ఊపు రాలేదు.

నటీనటుల సంగతి తలుచుకుంటే నాకు మరీ చిత్రంగా తోస్తుంది. సర్దార్‌గా వేసిన ఆల్బర్ట్ మోజెస్ శ్రీలంకలో పుట్టినవాడు. అలీ వేషం వేసిన డినో షఫీక్ ఢాకాలో పుట్టాడు. గ్రీకువాడిగా వేసిన కెవోర్క్ మాలిక్యాన్ టర్కీలో పుట్టిన ఆర్మీనియన్. చైనా అమ్మాయి పిక్-సెన్ లిమ్‌ది మలేసియా. వీళ్ళంతా ఇంగ్లీషు నాటకాలూ సినిమాల్లో నటించి బతికినవాళ్ళు. అంత చక్కటి ఇంగ్లీషు వచ్చినవాళ్ళు రానట్టు మాట్లాడి పేరు తెచ్చుకోవలసి వచ్చింది.

ఇదంతా బ్రిటన్ వాళ్ళ గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. మొన్నామధ్య నెల్లూరు వైపు ఒక పెళ్ళికి వెళ్ళాం. మా తమ్ముడి కూతురికి పదమూడేళ్ళు, బెంగళూరులో పుట్టి పెరిగింది. పంక్తిలో వడ్డిస్తున్న పెద్దావిడతో “సాకు అత్తా, సాకు” అంది. కన్నడంలో సాకు అంటే చాలు. మా ఇళ్ళలో ఆ మాట తెలుగులో కలిసిపోయి ఎన్నాళ్ళయిందో. ఆవిడ “ఏం సాకు చెబుతావే, తినమ్మా!” అంది. పంక్తంతా గొల్లుమంది. జోకు నిజంగానే బాగుంది, నేనూ నవ్వాను. కానీ ఆ సాయంత్రానికల్లా “బెంగళూరు సాకు” అని పిల్లకు పేరే పెట్టేశారు. కనబడ్డవాడల్లా ఏదో ఒక మాట అనిపించి నవ్వడమే. మర్నాడు మధ్యాహ్నం నుంచి అది అందరికీ ఇంగ్లీషులోనే జవాబు చెప్పడం మొదలెట్టింది. ఇప్పుడు ఆ వైపు నుంచి ఫోన్ వస్తే తీయదు.

హోసూరు, బరంపురం, సోలాపూరు వైపున్న మన పాఠకుల ఇళ్ళలోనూ ఇలాంటి ‘సాకు’ ఒకటి ఉండే ఉంటుంది. తెలుగు సినిమావాళ్ళేమీ తక్కువ తినలేదు. తెలంగాణ యాసనీ శ్రీకాకుళం యాసనీ ఏళ్ళ తరబడి హాస్యగాళ్ళకే అప్పగించారు.

ఈ సీరియల్‌ని మన దేశంలోనూ మలిచారు. 1993లో డి.డి. మెట్రోలో వచ్చిన ‘జబాన్ సంభాల్‌కే’. పంకజ్ కపూర్ హిందీ మాస్టారు. అందులో హిందీ రాక తడబడే ఇంగ్లీషువాడు టామ్ ఆల్టర్. ఆయన హిందీ, ఉర్దూ ఎంత గొప్పగా మాట్లాడేవాడో విన్నవాళ్ళకు తెలుసు. అందులోనూ అచ్చులు అవే, కానీ దేశమంతా ఒకరి భాషకు ఒకరు నవ్వుకునే చోట దెబ్బ కాస్త పంచుకున్నట్టు అనిపిస్తుంది. 1998లో బి.బి.సి. టీవీలో వచ్చిన ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’ మరో అడుగు ముందుకు వేసింది. అక్కడి భారతీయ కుటుంబాల పిల్లలే రాసి, నటించారు. మన వాళ్ళు రాత్రిపూట తప్పతాగి ఇంగ్లీషు తిండి తినడానికి వెళ్ళి, వెయిటరు పేరును ఖూనీ చేసే ఒక చిన్న ప్రహసనం ఉంది అందులో. బ్రిటన్‌లోని ఇండియన్ హోటళ్ళలో తెల్లవాళ్ళు చేసే ఆగడాన్ని తిరగేసి చూపించారు. నాకు దాని ముందు పాత తరగతి తేలిపోయింది.

అయినా ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ని పూర్తిగా అటకెక్కించమని చెప్పను. మొదటి సిరీస్ పిల్లలతో కలిసి చూడవచ్చు, ఎక్కడ ఎందుకు నవ్వొచ్చిందో మాట్లాడుకోవడానికి బోలెడంత సరుకు ఉంది. మా ఇంట్లో అలాగే చూశాం. మా తమ్ముడి కూతురూ వచ్చి కూర్చుంది. సిడ్నీ మాటలకు బాగా నవ్వింది, టారో వచ్చినప్పుడు ఫోను చూసుకుంది. మూడో సిరీస్ పెట్టమని ఎవరూ అడగలేదు.